బోర్డు మీద నేరం మోపే ముందు

“బోర్డు పోయిందండీ.”

చిన్న లేత్ మిషన్ ఉన్నట్టుండి ఆగిపోతే మొదట వినిపించే తీర్పు ఇదే. విచారణ లేదు, సాక్ష్యం లేదు. నాబ్ తిప్పినా చక్ కదల్లేదంటే చాలు, నేరం లోపలున్న స్పీడ్ కంట్రోలర్ బోర్డు మీద పడిపోతుంది. కొత్త బోర్డుకి ఆర్డర్ వెళ్తుంది. అది వచ్చేదాకా మిషన్ మీద గోనెసంచి కప్పి ఉంటుంది. తీరా వచ్చాక బిగించి స్విచ్ వేస్తే మళ్ళీ అదే మౌనం. డబ్బు పోయింది, జబ్బు మాత్రం ఉన్నచోటే ఉంది.

ఇంట్లో మిక్సీ ఆగిపోయినప్పుడు ఇలా చేస్తామా? షాపు అబ్బాయి ముందు అడుగునున్న ఎర్ర ఓవర్‌లోడ్ బటన్ నొక్కి చూస్తాడు. తర్వాత కార్బన్ బ్రష్‌లు, ఆ తర్వాత స్విచ్. వైండింగ్ కాలిందన్న మాట ఆఖరుకి గానీ అనడు. అతని వరసే లేత్‌కీ సరిపోతుంది. చవకైనవి, సులువుగా చేతికందేవి ముందు చూడాలి. ఖరీదైనవి, కష్టమైనవి చివర.

ఇక్కడ మాట్లాడుకునేది బల్ల మీద పెట్టుకునే చిన్న లేత్ గురించి. స్వింగ్ 7 అంగుళాలు, సెంటర్ల మధ్య దూరం 10 నుంచి 14 అంగుళాలు. షాంఘైకి చెందిన సీగ్ కంపెనీ తయారు చేసే సీ3, దాన్ని పోలినవి రకరకాల రంగుల్లో, రకరకాల పేర్లతో ప్రపంచమంతా అమ్ముడవుతుంటాయి. పెద్ద వర్క్‌షాపు లేత్‌లో స్పీడ్ మార్చాలంటే బెల్టు మార్చాలి, లేదా గేర్ లివర్ వేయాలి. ఈ చిన్నదానికి నాబ్ తిప్పితే సరి. లోపల కార్బన్ బ్రష్‌లున్న డీసీ మోటారు ఉంటుంది. గోడ ప్లగ్గులోంచి వచ్చే ఏసీని డీసీగా మార్చి, నాబ్ అడిగినంత మేరకు మోటారుకి వదిలేది బోర్డు. మిగతా సిద్ధాంతం ప్రస్తుతానికి అక్కర్లేదు. కొత్త మోడళ్ళలో కొన్నిటికి బ్రష్‌లెస్ మోటార్లు వస్తున్నాయి. బ్రష్‌ల గురించి, బ్యాటరీ పరీక్ష గురించి కింద చెప్పే మాటలు వాటికి వర్తించవు.

మూత విప్పే ముందు

ఈ ఒక్క భాగం మాత్రం వదిలేయకుండా చదవండి.

ఈ బోర్డుల్లో చాలావాటికి మెయిన్స్ నుంచి వేరుచేసే ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. 230 వోల్టుల ఏసీ నేరుగా బోర్డు మీదికి వస్తుంది. పెద్ద కెపాసిటర్లున్న రకమైతే వాటి మీద దాదాపు 325 వోల్టుల డీసీ నిలబడి ఉంటుంది. ప్లగ్ పీకాక కూడా అది కాసేపు అలాగే ఉండొచ్చు. మెత్తగా కనిపించే స్పీడ్ నాబ్ వెనకున్న మూడు సన్నని తీగలు కూడా మెయిన్స్‌తో కలిసినవే. హీట్‌సింక్ అల్యూమినియం ముక్కే కదా అని వేలు పెట్టకండి, అందులోనూ కరెంటు ఉండొచ్చు.

కాబట్టి ప్లగ్ పీకి, దాన్ని మీ కళ్ళెదురుగా బల్ల మీద పెట్టుకోండి. స్విచ్ ఆపేశాం కదా అనుకుంటే, పక్కగదిలోంచి ఎవరో వచ్చి ఫ్యాన్ స్విచ్ అనుకుని వేసేయొచ్చు. ఐదు నిమిషాలాగి, మల్టీమీటరు డీసీ 1000 వోల్టుల రేంజిలో పెట్టి కెపాసిటర్ కాళ్ళ మీద చూడండి. ఇంకా వోల్టేజీ కనిపిస్తే, హోల్డర్‌కి తీగలు బిగించిన మామూలు బల్బుని దాని మీద ఒక్క క్షణం తాకించి మళ్ళీ కొలవండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి టప్పుమనిపించే అలవాటుంటే ఈరోజుతో మానుకోండి.

ఇంకో మాట. ఒకవేళ మీ దగ్గర ఆసిలోస్కోప్ ఉంటే దాని ఎర్త్ క్లిప్పుని ఈ బోర్డు మైనస్‌కి తగిలించకండి. బోర్డులో మైనస్ వేరు, ఇంటి ఎర్త్ వేరు. ఆ రెండూ కలిస్తే బోర్డు, స్కోపు రెండూ పోయే ప్రమాదముంది.

ఏ తీగ పీకేముందైనా ఫోన్‌లో నాలుగు ఫోటోలు తీసుకోండి. చిన్న పనే, కానీ సగం తలనొప్పులు ఇక్కడే తప్పుతాయి.

ఇక పరీక్షలు

1. ముందు బోర్డు దాకా కరెంటు వస్తోందా అని చూడండి. ప్లగ్గు, ఫ్యూజు, ఎమర్జెన్సీ స్విచ్ మూత, చక్ గార్డు. ఈ నాలుగింట్లో ఏ ఒక్కటి అలిగినా మిషన్ కదలదు. చక్ గార్డు కింద చిన్న మైక్రోస్విచ్ ఉంటుంది. గార్డు పూర్తిగా దిగకపోయినా, స్విచ్‌లోకి ఇనుప రజను దూరినా మోటారుకి అనుమతి రాదు. తీగలు విప్పి, మీటరు కంటిన్యుటీలో పెట్టి, గార్డుని పైకి కిందికి ఆడించి చూడండి. బీప్ వచ్చి పోతుంటే స్విచ్ బాగున్నట్టే. గార్డుతో విసుగెత్తి ఆ స్విచ్‌ని తీగతో కట్టిపడేసేవాళ్ళు కొందరుంటారు. వాళ్ళని చూసి నేర్చుకోకండి.

2. నాబ్‌ని సున్నా దాకా తిప్పారా? నవ్వకండి. చాలా మిషన్లలో నాబ్ పూర్తిగా వెనక్కి తిప్పి, టిక్కుమన్నాకే మోటారు మొదలవుతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు చక్ దానంతటది తిరగకుండా పెట్టిన తాళం అది. మన ఊళ్ళలో దాని విలువ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. కరెంటు పోయిందని జాబ్‌ని చేత్తో పట్టుకుని కొలత తీస్తున్న సమయంలో కరెంటు వచ్చిందనుకోండి! ఈ తాళం గనుక మీ మిషన్‌లో పనిచేయకపోతే, మోటారు బాగానే తిరుగుతున్నా సరే, అది రిపేరు చేయాల్సిన లోపమే.

3. బ్రష్‌లు బయటికి తీయండి. మోటారుకి రెండు పక్కలా ప్లాస్టిక్ మూతలుంటాయి, వాటి వెనకాల స్ప్రింగుతో బ్రష్ ఉంటుంది. ఏది ఏ వైపుదో, ఏ ముఖం పైకి ఉందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. అరిగిన వంపు కామ్యుటేటర్‌కి ఒదిగి ఉంటుంది, తిప్పి పెడితే మళ్ళీ అరిగేదాకా నిప్పురవ్వలే. కొత్తదాని పొడవులో మూడోవంతుకి అరిగితే మార్చేయండి. పొడవు సరిపడా ఉన్నా, గూడులో మసి గడ్డకట్టి బ్రష్ ఇరుక్కుపోవచ్చు. అప్పుడు స్ప్రింగ్ ఎంత నెట్టినా అది కామ్యుటేటర్‌ని తాకదు. మోటారు ఒకసారి తిరిగి, ఒకసారి మొరాయించి, చెంపదెబ్బ కొడితే లేచి కూర్చుంటుంటే అనుమానం ముందు ఇక్కడే పడాలి.

4. మోటారుని బోర్డు నుంచి విడదీసి 12 వోల్టుల బ్యాటరీతో తిప్పండి. ఈ అధ్యాయంలో ఒక్క పరీక్షే గుర్తుపెట్టుకోగలిగితే ఇదే గుర్తుపెట్టుకోండి. మోటారు నుంచి బోర్డుకి వెళ్ళే రెండు తీగలూ పీకండి. బెల్టు తీసేయండి. బైకు బ్యాటరీయో, కారు బ్యాటరీయో తెచ్చి ఆ రెండు తీగలకీ తగిలించండి. మోటారు ప్లేటు మీద 180 వోల్టులని రాసి ఉంటే, 12 అంటే అందులో పదిహేనో వంతు. మోటారు తీరిగ్గా, కానీ ఆగకుండా తిరగాలి. బ్యాటరీ తీగలు అటూ ఇటూ మారిస్తే వెనక్కి తిరగాలి. అలా తిరిగితే మోటారు ప్రాణంతో ఉన్నట్టే. కొన్ని కోణాల్లో ఆగిపోయి, చేత్తో కాస్త తోస్తే మళ్ళీ అందుకుంటే ఆర్మేచర్‌లో ఒక చుట్టయినా తెగి ఉండాలి, లేదా కామ్యుటేటర్ మీద మసి పట్టి ఉండాలి. అసలు కదలకుండా బ్యాటరీ తీగ వేడెక్కుతుంటే మోటారు షార్టయినట్టు, వైండింగ్ షాపుకి పంపాల్సిందే. బోర్డుకి ఈ పరీక్షతో సంబంధమే లేదు. దీని బలమంతా అక్కడే ఉంది.

5. నాబ్ వెనకున్న పాట్‌ని (పొటెన్షియోమీటర్‌ని) కొలవండి. దానికి మూడు కాళ్ళుంటాయి, సున్నా స్విచ్ కూడా కలిసి ఉంటే ఐదు. తీగలు విప్పాక చివరి రెండు కాళ్ళ మధ్య మీటరు పెడితే ఒకే విలువ స్థిరంగా చూపాలి. సాధారణంగా 4.7, 5 లేదా 10 కిలో ఓమ్‌లు ఉంటుంది, పాట్ వెనక రాసే ఉంటుంది. మధ్య కాలుకీ ఒక చివరికీ మధ్య పెట్టి నాబ్ మెల్లగా తిప్పితే విలువ సాఫీగా పెరగాలి. మధ్యలో ఎగిరి గంతేస్తే లోపలి కార్బన్ అరిగిపోయింది. పాత రేడియోలో వాల్యూమ్ తిప్పుతుంటే గరగరలాడేది చూడండి, అదే జబ్బు.

పాట్‌తో ఒక ప్రమాదం కూడా ఉంది. సున్నా వైపు వెళ్ళే తీగ తెగిపోతే చాలా బోర్డులు దాన్ని “ఫుల్ స్పీడ్ కావాలి” అనే అర్థం చేసుకుంటాయి. నాబ్ ఎక్కడున్నా మోటారు ఒక్కసారిగా గరిష్ఠ వేగం అందుకుంటుంది. అందుకే కరెంటు ఇచ్చి చేసే పరీక్షలన్నీ బెల్టు తీసి చేయాలి, చక్‌లో జాబ్ ఉండకూడదు. కొత్త పాట్ కొనేటప్పుడు అదే విలువ, అదీ లీనియర్ రకం అడగండి. మన షాపుల్లో దొరికే ఆసియా తయారీల మీద లీనియర్‌కి ‘బి’ అక్షరం ఉంటుంది. ‘ఎ’ అని ఉన్నది ఆడియో రకం. అది వేస్తే స్పీడ్ అంతా నాబ్‌లో ఒక కొసన కుక్కినట్టు ఉంటుంది.

6. అన్నీ బాగున్నాయా? ఇప్పుడు బోర్డుని బోనెక్కించండి. మోటారుకి బదులు 100 వాట్ల మామూలు ఫిలమెంట్ బల్బు తగిలించండి. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. నాబ్ మెల్లగా తిప్పితే బల్బు ఎర్రగా మొదలై క్రమంగా వెలగాలి. ఒక్కసారిగా పూర్తిగా వెలిగితే పవర్ పార్ట్ షార్టయినట్టు. అసలు వెలగకపోతే బోర్డు చేతులెత్తేసినట్టు. మోటారు వేగాన్ని సెన్సర్‌తో చూసుకునే బోర్డుల్లో మాత్రం ఈ పరీక్షని పూర్తిగా నమ్మలేం. మోటారు తిరగడం లేదని గ్రహించి బోర్డే లోపం చూపించి ఆగిపోవచ్చు.

స్విచ్ వేయగానే ఫ్యూజు కొట్టేస్తుంటే మాత్రం ఇంకో కొత్త ఫ్యూజు బలివ్వకండి. మెయిన్స్‌కీ మిషన్‌కీ మధ్య అదే 100 వాట్ల బల్బుని సిరీస్‌లో పెట్టండి. టీవీ మెకానిక్కులు తరతరాలుగా వాడుతున్న సిరీస్ లాంపే ఇది. స్విచ్ వేశాక బల్బు ఒక్కసారి మెరిసి తగ్గిపోతే కెపాసిటర్లు ఛార్జ్ అయ్యాయన్నమాట, షార్ట్ లేదు. తగ్గకుండా పూర్తిగా వెలుగుతూనే ఉంటే రెక్టిఫయర్ బ్రిడ్జో, మోటారుకి కరెంటు వదిలి ఆపే ట్రాన్సిస్టరైన మోస్‌ఫెట్టో షార్టయింది.

మార్చిన మోస్‌ఫెట్ మళ్ళీ ఎందుకు పోతుంది?

ఓపికున్నవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే కాబట్టి కాస్త ఆగుదాం. ఒకాయన బోర్డు విప్పాడనుకోండి. హీట్‌సింక్ మీది మోస్‌ఫెట్ డ్రెయిన్, సోర్స్ కాళ్ళ మధ్య మీటరు రెండు వైపులా సున్నాకి దగ్గరగా చూపించింది. అంటే షార్టే, నిర్ధారణ సరైందే. కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళి అదే నంబరు తెచ్చి టంకం పెట్టాడు. స్విచ్ వేశాడు. టప్!

తప్పెక్కడ జరిగింది? మోస్‌ఫెట్ ఒంటరిగా పోవడం అరుదు. పోతూ పోతూ తన గేటుని నడిపే డ్రైవర్‌నీ, దాని పక్కనున్న చిన్న రెసిస్టర్లనీ వెంట తీసుకుపోతుంది. ఇంకా ముఖ్యంగా చూడాల్సింది మోటారుకి అడ్డంగా ఉండే డయోడ్‌ని. మోస్‌ఫెట్ కరెంటు ఆపిన ప్రతిసారీ మోటారు వైండింగ్ ఎదురుతిరుగుతుంది. ఆ పోటుని మళ్ళించేది ఈ డయోడే. ఇది ఓపెనై ఉంటే ఎన్ని కొత్త మోస్‌ఫెట్లు వేసినా అన్నీ దానికి నైవేద్యమే. షార్టయి ఉంటే మోస్‌ఫెట్ నేరుగా మెయిన్స్ డీసీని మింగాల్సి వస్తుంది. కాబట్టి ఒకటి మార్చేటప్పుడు ఈ మూడూ కొలవండి. హీట్‌సింక్‌కీ మోస్‌ఫెట్‌కీ మధ్యనున్న ఇన్సులేటింగ్ రేకు చిరిగితే కొత్తది వేయండి. మొదటిసారి స్విచ్ వేసేటప్పుడు సిరీస్ బల్బు తప్పనిసరి. ఇంకా ఏదో షార్టుంటే బల్బు వెలుగుతుంది గానీ మీ కొత్త పార్ట్ పేలదు.

ఫ్యూజు ఉంది కదా కాపాడటానికి, అంటారా? మెకానిక్కుల జోకొకటుంది. ట్రాన్సిస్టర్ తన ప్రాణమిచ్చి ఫ్యూజుని కాపాడుతుందట. నిజానికి ఫ్యూజు కాలేలోపే సెమీకండక్టర్ పోతుంది. ఫ్యూజు ఉన్నది మంటలు రాకుండా ఆపడానికి. అందుకే ఫ్యూజు బదులు రాగి తీగ చుట్టడం ఎంత చవక పరిష్కారమో అంత ఖరీదైన తప్పు.

తిరుగుతుంది, కానీ కాసేపటికి ఆగిపోతుంది

ఇది వేరే కథ. లోపం లైటు వెలుగుతుంది, కొద్దిసేపు ఆపి మళ్ళీ వేస్తే తిరుగుతుంది. ఇలాంటప్పుడు బోర్డు చాలావరకు నిర్దోషి. మోయలేని బరువు మీద పడిందని చెబుతోంది, అంతే. ఆ బరువు ఎక్కడి నుంచి వస్తోందో వెతకండి. బెల్టు తీసి చక్‌ని చేత్తో తిప్పితే బరువుగా ఉందా? టెయిల్‌స్టాక్ సెంటర్‌ని మరీ బిగించారా? మోటారు గాలి రంధ్రాల్లో రజను పేరుకుందా? పార్టింగ్ టూల్ వెడల్పెక్కువై జాబ్‌లో దిగబడుతోందా?

చాలామంది గమనించనిది ఒకటుంది. నాబ్‌తో వేగం తగ్గిస్తే మోటారుకి బలం పెరగదు. పైగా మోటారు షాఫ్టు మీదే ఉన్న దాని ఫ్యాన్ కూడా నెమ్మదిస్తుంది, కాబట్టి వేడి ఎక్కువవుతుంది. పెద్ద వ్యాసం జాబ్‌ని మెల్లగా కోయాలంటే హెడ్‌స్టాక్ వెనకున్న లివర్‌ని లో గేరులో వేసి, నాబ్‌ని పైకి తిప్పి కోయండి. నాబ్ ఒక్కదాన్నే నమ్ముకుని పావు స్పీడులో లోతు కట్ వేయడమంటే మోటారుని పొయ్యి మీద పెట్టడమే.

బోర్డు మీది చిన్న ప్రీసెట్‌ల జోలికి వెళ్ళే ముందు కూడా ఆలోచించండి. కనీస వేగం, గరిష్ఠ వేగం, కరెంటు పరిమితి, లోడ్ సర్దుబాటు, ఇవన్నీ వాటి చేతిలోనే ఉంటాయి. ఆగిపోతోందని కరెంటు పరిమితి పెంచేస్తే అప్పటికి ఆగకుండా తిరుగుతుంది, తర్వాత మోటారు మాడు వాసన వేస్తుంది. లోడ్ సర్దుబాటు ఎక్కువ తిప్పితే మోటారు ఉయ్యాలలా ఊగుతూ తిరుగుతుంది. తిప్పక తప్పదనుకుంటే ముందు మార్కర్‌తో పాత స్థానం గీయండి. ఒక్కసారికి ఒక్కదాన్నే, అదీ కాస్తంతే తిప్పండి.

చేతులారా చేసే తప్పులు కొన్ని

చక్ ఇంకా తిరుగుతుండగానే ఫార్వర్డ్ నుంచి రివర్స్‌కి స్విచ్ కొట్టడం వీటన్నిటికీ పెద్దన్న. ఆ క్షణంలో మోటారు జనరేటరై ఉంటుంది. దాని వోల్టేజీ, బోర్డు వోల్టేజీ రెండూ ఒకే వైపుకి తోస్తే కరెంటు ఎగసిపడుతుంది. పూర్తిగా ఆగనిచ్చి, నాబ్ సున్నాకి తెచ్చి, అప్పుడు మార్చండి. రెండు క్షణాల ఓపిక చాలు.

అమెరికా నుంచి తెచ్చుకునే మిషన్లది మరో కథ. డాలస్‌లో గరాజ్‌లో వాడుకున్న లేత్‌ని సామాన్లతో పాటు గుంటూరుకి పంపిస్తే, అక్కడి 120 వోల్టుల బోర్డు మన 230 వోల్టులకి తగులుతుంది. ఆ బోర్డు చూడాల్సింది దాదాపు 170 వోల్టుల డీసీ. దానికి తగ్గట్టు వేసే కెపాసిటర్లు సాధారణంగా 200 వోల్టులవే. వాటి మీద 325 పడితే ఏమవుతుందో పొగ చూశాక తెలుస్తుంది. మిషన్ మీద రాసున్న వాట్లకి రెండింతలున్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోండి. డీసీ మోటారు కాబట్టి అక్కడి 60 హెర్ట్జ్, ఇక్కడి 50 హెర్ట్జ్ తేడా గురించి బెంగ అక్కర్లేదు.

బోర్డు నిజంగానే పోయిందని తేలితే? మోటారు ప్లేటు మీది వోల్టులు, ఆంపియర్లు రాసుకుని, వాటికి సరిపోయే డీసీ మోటారు డ్రైవ్ కొనండి. “స్పీడ్ కంట్రోలే కదా” అని వీఎఫ్‌డీ తెచ్చుకోకండి, అది త్రీఫేజ్ ఏసీ మోటార్ల కోసం. ఫ్యాన్ రెగ్యులేటర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో 4000 వాట్లని రాసి అమ్మే చవక డిమ్మర్‌కి రెక్టిఫయర్ కలిపితే మోటారు తిరగనైతే తిరుగుతుంది. కానీ టూల్ తగలగానే వేగం పడిపోతుంది, కరెంటు పరిమితి ఉండదు, సున్నా నుంచి మొదలవ్వాలన్న తాళం అసలే ఉండదు. బొమ్మ డ్రిల్లుకి పెట్టుకోండి, లేత్‌కి వద్దు.

కొత్త బోర్డుని గాలి ఆడే చోట, కానీ రజను పడని చోట బిగించండి. పాతది వీటిలో ఏదో ఒకటి లేకనే పోయి ఉంటుంది. లేత్ శరీరానికీ ప్లగ్ ఎర్త్ పిన్నుకీ మధ్య కంటిన్యుటీ ఒకసారి చూడండి. బెల్టు లేకుండా ఐదు నిమిషాలు, బెల్టుతో ఐదు నిమిషాలు ఖాళీగా తిప్పి, మోటారు మీద చెయ్యి పెట్టి వేడి చూడండి. మూత బిగించే ముందు చక్ కీ చక్‌లోనే ఉండిపోలేదు కదా? ఒకసారి చూసి, నాబ్‌ని సున్నాలో పెట్టి, అప్పుడు స్విచ్ వేయండి.